టర్బోనా, టాప్ మోడలా, హైబ్రిడా? నిజాంపేట కుటుంబం సెడాన్ కొన్న కేసు

ఇది 2023 వేసవినాటి కేసు. కొనేవాళ్లు నిజాంపేటలో ఉండే భార్యాభర్తలు. ఆయనది నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. ఆమె కూకట్‌పల్లిలో లెక్చరర్. పదో తరగతి చదివే కూతురు ఉంది. ఆయన అమ్మానాన్నలు సూర్యాపేటలో ఉంటారు. నాన్నకు మోకాళ్ల నొప్పులు. నెలకోసారైనా వీళ్లు అటు వెళ్లడమో, పెద్దాయన్ని డాక్టరుకు చూపించడానికి ఇటు తీసుకురావడమో తప్పదు. ఇంట్లో ఆయన పేరు మీద ఒక పాత చిన్న కారు ఉంది, అది ఆమె కాలేజీకి వెళ్లిరావడానికి ఉంచుకుంటారట. కొత్తది మాత్రం మిడ్‌సైజ్ సెడాన్ కావాలి, ఆటోమేటిక్ కావాలి. ఆన్‌రోడ్ 18 లక్షలు అనుకున్నారు. గట్టి కారణం చూపిస్తే 22, 23 దాకా వస్తామన్నారు.

కొనేవాళ్ల తరఫున ఇలాంటి లెక్కలు వేసి పెట్టడమే నా పని. ఫీజు వాళ్ల దగ్గరే తీసుకుంటాను, షోరూమ్ కమీషన్ ముట్టను. ఆ మాట ముందే చెప్పడం ఎందుకంటే, ఈ కేసులో చివరికి మిగిలింది జాబితాలో ఖరీదైన బండి కాదు.

ఆయన ఒక ఎక్సెల్ షీట్‌తో వచ్చారు. నిలువునా ఫీచర్లు, అడ్డంగా వేరియంట్లు, మధ్యలో టిక్కులు. ఎక్కువ టిక్కులున్నది గెలిచినట్టు. చూడటానికి పద్ధతిగానే ఉంది కానీ, ఆ షీట్‌లో సన్‌రూఫ్‌కూ ఒక టిక్కే, పక్క నుంచి గుద్దితే తలను కాపాడే కర్టెన్ ఎయిర్‌బ్యాగులకూ ఒక టిక్కే. యాంబియంట్ లైట్లదీ అదే విలువ. ఇలా లెక్కపెడితే ఎప్పుడూ టాప్ మోడలే గెలుస్తుంది. కంపెనీలు వేరియంట్లు కట్టేదే అలా గెలిచేటట్టు.

అందుకే ముందు ఆ షీట్‌ను రెండు ముక్కలు చేశాం. తర్వాత బయట వేయించుకోగలిగినవి ఒక పక్క: సీటు కవర్లు, స్పీకర్లు, డాష్‌క్యామ్, కిటికీల తెరలు, మ్యాట్లు, వైర్‌లెస్ చార్జర్. ఎంత డబ్బు పెట్టినా తర్వాత రానివి ఇంకో పక్క: ఇంజిన్, గేర్‌బాక్స్, ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు, ముందు బండిని బట్టి వేగం తగ్గించి బ్రేకు వేసే ఏడాస్, వెనక సీటు ఎత్తు, డిక్కీ సైజు. మొదటి పక్కనున్నవాటికి టిక్కులు తీసేసి బయటి ధర రాయమన్నాను. నలభైకి పైగా ఉన్న వరుసలు పదిహేనుకు దిగాయి. సన్‌రూఫ్ దగ్గర కాస్త వాదన జరిగింది, అమ్మాయికి కావాలట. మన మే నెల ఎండలో పైన గాజు పలక పెట్టుకుని తిరగడం నాకైతే అర్థం కాదు. అయినా అమ్మేటప్పుడు అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి, ఉంటే మంచిదే, దానికోసం వేరియంట్ మారొద్దు అని రాసుకున్నాం.

ఇంజిన్ల సంగతి

పెద్దాయన మొదటి ప్రశ్న ఫోన్‌లోనే వచ్చింది. "డీజిల్ బండి లేదా సార్ మరి? లాంగు పోతే డీజిలే మంచిగుంటది." ఆయన అనుభవం తప్పు కాదు. కానీ 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య నిబంధనల రెండో దశలో, ల్యాబ్‌లోనే కాకుండా రోడ్డు మీద నడుస్తున్నప్పుడు కూడా పొగ లెక్కలు సరిపోవాలి. ఈ సైజు డీజిల్ ఇంజిన్లను దానికి తగ్గట్టు మార్చడం గిట్టుబాటు కాక హోండా సిటీలోనూ, హ్యుందాయ్ వెర్నాలోనూ డీజిల్ ఆపేశారు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాలకు మన దగ్గర డీజిల్ మొదటి నుంచీ లేదు. కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది.

మిగిలినవి నాలుగు రకాలు. టర్బో లేని మామూలు 1.5 పెట్రోల్: హోండా సిటీలో 121 పీఎస్ (శక్తి), 145 ఎన్‌ఎం (లాగుడు, అంటే టార్క్), గేర్ల మెట్లు లేని సీవీటీ ఆటోమేటిక్. వెర్నాలో 115 పీఎస్, 144 ఎన్‌ఎం, దాని సీవీటీని వాళ్లు ఐవీటీ అంటారు. రెండోది చిన్న టర్బో: వర్టస్, స్లావియాల 1.0 టీఎస్‌ఐ, 115 పీఎస్, 178 ఎన్‌ఎం, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (క్లచ్ బదులు నూనె ద్వారా లాగుడు పంపేది). మూడోది పెద్ద టర్బో: వెర్నాలో 160 పీఎస్, 253 ఎన్‌ఎం, వర్టస్‌లో 150 పీఎస్, 250 ఎన్‌ఎం. రెండింటికీ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చేది). నాలుగోది పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటారు కలిసిన సిటీ హైబ్రిడ్.

పీఎస్ అంకెలు చూసి మామూలు 1.5, చిన్న టర్బో ఒకటే అనుకుంటారు. అది కాగితం మీద మాట. మామూలు ఇంజిన్‌లో లాగుడు రావాలంటే తిప్పాలి. సిటీ పూర్తి టార్క్ వచ్చేది 4,300 ఆర్‌పీఎం దగ్గర. టర్బోలో అది రెండు వేల లోపే వచ్చేస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఐదుగురు కూర్చుని ఏసీ వేసుకున్నప్పుడు తేడా కాలికి తెలుస్తుంది. ఆయన వెర్నా టర్బో నడిపి దిగినప్పుడు ముఖం వెలిగిపోయింది. అక్కడే సంతకం పెట్టేసేలా ఉన్నారు.

టెస్ట్ డ్రైవ్ ఖాళీ రోడ్డు మీద, ఉదయం పదకొండుకు చేస్తే ఏ బండైనా బాగానే ఉంటుంది. అందుకే రెండో విడత సాయంత్రం ఆరున్నరకు పెట్టించాను, జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ వైపు. ఆ దారిలో బండి నడవదు, పాకుతుంది. అలా పాకేటప్పుడు డ్రై డ్యూయల్ క్లచ్ బాక్స్ లోపల, మనం గేరు బండిలో హాఫ్ క్లచ్ మీద ఆపుకున్నట్టే, క్లచ్ సగం పట్టుకుని సగం వదిలి లాగుతుంది. వేడెక్కేది, అరిగేది అక్కడే. సరిగ్గా నడిపితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, కాదనను. కానీ రోజూ ఇదే రోడ్డు అయినప్పుడు నా ఓటు టార్క్ కన్వర్టర్‌కో సీవీటీకో. ఆ సాయంత్రం ఆయనే గమనించారు: వెర్నా టర్బో అడుగు ముందుకు వేసినప్పుడల్లా చిన్న కుదుపు. సీవీటీ బండ్లలో అది లేదు. ఆమె నడిపినప్పుడు వర్టస్ 1.0 మొదటి అడుగులో కాస్త మందం, తర్వాత చక్కగా లాగింది.

వెర్నా ముడి

వేరియంట్ ఒక దారి, ఇంజిన్ ఒక దారి అని విడదీసి చూస్తే ఎలా ఇరుక్కుంటామో ఈ బండి ధరల్లో స్పష్టంగా కనిపిస్తుంది. 2023 మార్చిలో విడుదలైనప్పుడు వెర్నా ఎస్‌ఎక్స్ ఐవీటీ 14.24 లక్షలు. ఎస్‌ఎక్స్ టర్బో డ్యూయల్ క్లచ్ 16.08 లక్షలు. టాప్ ఎండ్ అయిన ఎస్‌ఎక్స్ ఓ, మామూలు ఇంజిన్ ఐవీటీతో 16.20 లక్షలు. అన్నీ ఎక్స్‌షోరూమ్, అంటే లైఫ్ ట్యాక్స్ (బండికి ఒకేసారి కట్టే రోడ్డు ట్యాక్స్), ఇన్సూరెన్స్ కలపనివి.

అంటే అప్పుడు రమారమి 16 లక్షలకు మీకు రెండు బండ్లు దొరుకుతాయి. ఒకదాంట్లో ఇంజిన్ పెద్దది, సామాను తక్కువ. ఇంకోదాంట్లో ఇంజిన్ మామూలుదే, చల్లగాలి వచ్చే సీట్లు, బోస్ స్పీకర్లు, పెద్ద స్క్రీన్, ఏడాస్ అన్నీ ఉంటాయి. రెండూ కావాలంటే 17.38 లక్షలు, ఆన్‌రోడ్ 21 దాటుతుంది.

ఆయన టర్బో అన్నారు, ఆమె ఎస్‌ఎక్స్ ఓ అన్నారు. నేను అడిగింది ఒక్కటే: ఆ ఎస్‌ఎక్స్ ఓ లో తర్వాత బయట దొరకనిది ఏది? సీటు గాలి, ఏడాస్. మిగతావన్నీ మొదటి పక్క సరుకే. సీటు గాలి హైదరాబాద్‌లో నిజంగా సుఖం, విలాసం అని కొట్టిపారేయలేం. కానీ దానికోసం దాదాపు రెండు లక్షలు, పైన లైఫ్ ట్యాక్స్. ఏడాస్ కావాలంటే అది ఇంకా తక్కువకు ఎక్కడైనా వస్తోందా చూడాలి కదా.

వస్తోంది. అదే మార్చిలో వచ్చిన కొత్త సిటీలో బేస్ మోడల్ ఎస్‌వి తప్ప మిగతా అన్నింటికీ ఏడాస్ ఇచ్చారు. వి సీవీటీ 13.62 లక్షలు, వీఎక్స్ సీవీటీ 14.74, జెడ్‌ఎక్స్ సీవీటీ 15.97. వెర్నాలో 16.20 దగ్గర మొదలయ్యేది ఇక్కడ 13.62కే దొరుకుతోంది. వర్టస్, స్లావియాల్లో అప్పట్లో ఏ ధరకూ లేదు. ఇలాంటి తేడాలు ఒకే బండి బ్రోషర్ పట్టుకుని పై వేరియంట్, కింది వేరియంట్ పోల్చుకుంటూ కూర్చుంటే కనపడవు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. వెర్నా బేస్ మోడల్ నుంచే ఆరు ఎయిర్‌బ్యాగులు. సిటీలో అప్పట్లో వి కి నాలుగే, వీఎక్స్ నుంచి ఆరు. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టుల్లో వర్టస్, స్లావియాలకు 2023 ఏప్రిల్‌లో ఐదు నక్షత్రాలు వచ్చాయి, వెర్నాకు అదే ఏడాది అక్టోబరులో వచ్చాయి.

హైబ్రిడ్ లెక్క

ఆమె మనసు హైబ్రిడ్ మీద ఉంది. కాలేజీలో ఒకరు కొన్నారు, ట్యాంక్ ఫుల్ చేయిస్తే నెల తిరుగుతుందట. కంపెనీ అప్పట్లో చెప్పిన మైలేజ్ లీటరుకు 27.13 కిలోమీటర్లు, పెట్రోల్ సీవీటీకి 18.4.

హైబ్రిడ్ ఎక్కడ మిగులుస్తుందో ముందు చూడాలి. సిటీ హైబ్రిడ్‌లో మామూలు గేర్‌బాక్స్ లేదు. తక్కువ వేగంలో చక్రాలను తిప్పేది 109 పీఎస్, 253 ఎన్‌ఎం మోటారు, ఇంజిన్ పని కరెంటు తయారు చేయడం. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తి మళ్లీ బ్యాటరీలోకి వెళుతుంది. అంటే ఆగుతూ కదులుతూ పోయే రోడ్డు దానికి పండగ. హైవే మీద ఒకే వేగంతో వెళ్లేటప్పుడు ఇంజిన్‌నే క్లచ్ ద్వారా నేరుగా చక్రాలకు కలుపుతుంది. అక్కడ బ్రేకుల నుంచి వచ్చేది తక్కువ కాబట్టి లాభం కూడా కుదించుకుపోతుంది.

ఏడాస్‌లో కూడా ఒక తేడా ఉంది. ముందు బండితో పాటు ఆగుతూ, మెల్లగా పాకే సదుపాయం హైబ్రిడ్‌కే ఇచ్చారు. పెట్రోల్ సీవీటీలో క్రూజ్ కంట్రోల్ ట్రాఫిక్‌లో పనికిరాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీదే దానికి పని. వెనక డిస్క్ బ్రేకులు, ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు కూడా హైబ్రిడ్‌లోనే. ఇవన్నీ తర్వాత రానివే, కాబట్టి వాటి బరువు వాటికి ఇచ్చాం.

ఇక డబ్బు. అప్పట్లో హైబ్రిడ్ వి 18.89 లక్షలు, జెడ్‌ఎక్స్ 20.39 లక్షలు. తెలంగాణలో 2022లో సవరించిన శ్లాబుల ప్రకారం అప్పట్లో లైఫ్ ట్యాక్స్ 10 నుంచి 20 లక్షల వరకు 17 శాతం, 20 దాటితే 18. దీంతో హైబ్రిడ్ జెడ్‌ఎక్స్ గీత దాటేస్తుంది. వి నుంచి జెడ్‌ఎక్స్‌కు ధరలో తేడా 1.50 లక్షలే, ట్యాక్స్ మాత్రం 3.21 నుంచి 3.67 లక్షలకు పెరిగి, మొత్తం తేడా దాదాపు రెండు లక్షలవుతుంది. దాన్ని అక్కడే పక్కన పెట్టాం.

హైబ్రిడ్ వి ని పెట్రోల్ వీఎక్స్ సీవీటీతో పోల్చాం. ధరలో 4.15 లక్షల తేడా, ట్యాక్స్‌లో మరో 70 వేలు. ఇన్సూరెన్స్ వదిలేసినా 4.86 లక్షలు. అప్పట్లో హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 109.66 రూపాయలు. కంపెనీ అంకెలు పక్కన పెట్టి, మన ట్రాఫిక్‌లో పెట్రోల్ సీవీటీకి 11, హైబ్రిడ్‌కు 19 వేసుకుంటాను. హైవేలో 17, 21. దీని ప్రకారం ఊళ్లో కిలోమీటరుకు 4.20 రూపాయలు మిగులుతుంది, హైవేలో 1.23 రూపాయలే.

వీళ్ల తిరుగుడు ఏడాదికి సుమారు 12 వేల కిలోమీటర్లు. 8 వేలు ఊళ్లో, 4 వేలు సూర్యాపేట రోడ్డు మీద. మిగిలేది ఏడాదికి 38,500. పెట్టిన 4.86 లక్షలు తిరిగి రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది, బ్యాటరీ వారంటీ ఎనిమిదేళ్లు. ఊళ్లోనే ఏడాదికి 25 వేలు తిరిగేవాళ్లయితే నేనే హైబ్రిడ్ కొనమని చెప్పేవాణ్ని, అక్కడ నాలుగున్నరేళ్లలో వచ్చేస్తుంది. ఆమెకు లెక్క నచ్చలేదు, నమ్మారు.

నిజానికి హైబ్రిడ్‌ను తీసేసింది ఆ లెక్క కాదు, డిక్కీ. పెట్రోల్ సిటీలో 506 లీటర్లు, హైబ్రిడ్‌లో బ్యాటరీ కూర్చోవడం వల్ల 306. సూర్యాపేట నుంచి వచ్చేటప్పుడు రెండు బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు, ఇద్దరి సూట్‌కేసులు తప్పవన్నారు. షోరూమ్‌కు ఇంట్లో ఉన్న పెద్ద సూట్‌కేసు, ఒక 25 కిలోల బస్తా తెమ్మన్నాను. సేల్స్ కుర్రాడు వింతగా చూశాడు. హైబ్రిడ్ డిక్కీలో సూట్‌కేసు పడుకోబెట్టాక బస్తాను నిలబెట్టాల్సి వచ్చింది, రెండో బస్తాకు చోటే లేదు. "మరి అత్తయ్య ఇచ్చే పచ్చళ్లు ఒళ్లో పెట్టుకోవాలా?" అని ఆమే నవ్వేశారు.

పెద్దాయన కూర్చుని చూడటం

టెస్ట్ డ్రైవ్‌కు కొనేవాళ్లే వెళతారు, ఎక్కి దిగడం కష్టమైనవాళ్లు ఇంట్లో ఉంటారు. ఇది నాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది. పెద్దాయన డాక్టరు కోసం వచ్చిన వారం చూసి మూడు షోరూమ్‌లకూ తీసుకెళ్లాం. నడపక్కర్లేదు, వెనక తలుపు తెరిచి కూర్చుని, పది నిమిషాలాగి, ఎవరూ చెయ్యి ఇవ్వకుండా దిగాలి.

వెర్నాలో తల వంచి దూరాల్సి వచ్చింది. వెనక్కి వాలే పైకప్పు చూడటానికే అందం. సీటు కూడా కిందికి. "గింత కిందికి కూసుంటే మల్ల లేసుడెట్ల బిడ్డా?" అన్నారు కొడుకుతో. వర్టస్‌లో ఎక్కడం దిగడం ఫర్వాలేదు, 179 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ నిజాంపేట స్పీడ్ బ్రేకర్లకు బాగా పనికొచ్చేది. కానీ వెనక ముగ్గురు కూర్చుంటే మధ్యలో అమ్మాయి ఇరుక్కుపోయింది. సిటీలో కూడా సెడాన్ కష్టం సెడాన్‌దే, అయితే తలుపు వెడల్పుగా తెరుచుకుంది, తొడ కింద సీటు ఆనింది. రెండు చేతులు ముందు సీటు మీద పెట్టి తానే లేచారు. అసలు ఎస్‌యూవీ చూడండి అని కూడా ఆ రోజు చెప్పాను. వద్దన్నారు, ఇంటి సెల్లార్‌లో సెడాన్‌కే చోటు సరిపోతుందట.

ఇక సిటీ పెట్రోల్ సీవీటీలో ఏ వేరియంట్ అన్నదే మిగిలింది. వి నుంచి వీఎక్స్‌కు 1.12 లక్షలు, ట్యాక్స్‌తో 1.31. దానికి కర్టెన్ ఎయిర్‌బ్యాగులు వస్తున్నాయి. వెనక కూర్చునేది పెద్దవాళ్లు, కాబట్టి రెండో ఆలోచన లేదు. సన్‌రూఫ్ వెంట వచ్చింది, అమ్మాయి గెలిచింది. వీఎక్స్ నుంచి జెడ్‌ఎక్స్‌కు 1.23 లక్షలు, ట్యాక్స్‌తో 1.44. అందులో నాకు విలువైనది ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ఒక్కటే. రాత్రి హైవే ప్రయాణాలు మీకు ఎక్కువా అని అడిగితే లేదన్నారు. వీఎక్స్ దగ్గర ఆగాం.

బుకింగ్ రోజున ఒక షోరూమ్‌లో మామూలు పాటే పాడారు: వీఎక్స్ ఆటోమేటిక్‌కు రెండు నెలలు పడుతుంది, జెడ్‌ఎక్స్ రేపే ఇస్తాం. ఇంకో ఏరియా డీలర్‌కు ఫోన్ చేస్తే వీఎక్స్ సీవీటీ తెల్ల రంగులో స్టాక్ ఉంది.

రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీద చేయించాం. తెలంగాణలో ఒకే వ్యక్తి పేరు మీద రెండో కారుకు లైఫ్ ట్యాక్స్ రెండు శాతం అదనం. పాత కారు ఆయన పేరు మీద ఉంది కదా. 14.74 లక్షల మీద అది 29,480 రూపాయలు. లోన్ కూడా ఆమె జీతం మీదే తీసుకున్నారు కాబట్టి చిక్కు లేదు. ఈ సంగతి డబ్బు కట్టేశాక తెలుసుకునేవాళ్లే ఎక్కువ.

ఏడాది తర్వాత

మళ్లీ మాట్లాడినప్పుడు వాళ్లు ట్యాంక్ నుంచి ట్యాంక్‌కు రాసుకున్న పుస్తకం చూపించారు. ఊళ్లో 11 నుంచి 12 మధ్య, సూర్యాపేట రోడ్డు మీద పద్దెనిమిదికి దగ్గరగా ఉంది. పంతంగి టోల్ దాటాక లారీని ఓవర్‌టేక్ చేయాలని తొక్కితే ముందు శబ్దం వస్తుంది, తర్వాత బండి వస్తుంది అని ఆయన ఫిర్యాదు. సీవీటీ స్వభావం అది. స్టీరింగ్ వెనకుండే గేరు ప్యాడిల్స్ వాడమన్నాను, ఇప్పుడు కొంత నయమట. టర్బో మీద బెంగ మాత్రం పోలేదు.

ఏడాస్‌లో లేన్ హెచ్చరికలు ఊళ్లో ఆపేసుకున్నారు, నిజాంపేట రోడ్డు మీద గీతలే లేవు. ఔటర్ మీద, విజయవాడ హైవే మీద క్రూజ్ వాడుతున్నారు. జోరు వానలో కెమెరాకు కనపడక దానంతటదే ఆగిపోతుంది, అది ముందే చెప్పి ఉంచాను. హెడ్‌లైట్ల వెలుతురు చాలడం లేదని ఆమె అన్నారు. హాలోజెన్ బల్బులు తీసి మార్కెట్‌లో ఎల్‌ఈడీలు వేయించుకుంటామంటే వద్దన్నాను, ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. అందుకే సూర్యాపేట నుంచి సాయంత్రం నాలుగింటికే బయల్దేరుతున్నారు.

ఇదే కేసు ఇవాళ వస్తే కొన్ని అంకెలు మారతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సైజు కార్ల మీద 45 శాతం పన్ను పోయి 40 శాతం జీఎస్టీ వచ్చింది. పెద్ద హైబ్రిడ్ల మీద పన్ను అంతకుముందు 43, ఇప్పుడు అదే 40. అంటే పెట్రోల్ బండి ఎక్కువ దిగింది, హైబ్రిడ్ తక్కువ దిగింది. తెలంగాణ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకు 2026 చివరి దాకా రోడ్డు ట్యాక్స్ తీసేసింది, కానీ ఇలాంటి హైబ్రిడ్లకు ఆ మినహాయింపు లేదు. ఏడాదికి 12 వేలు తిరిగే ఇంటికి నా జవాబు మారదు. 25 వేలు తిరిగేవాళ్లయితే మాత్రం, సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్‌కు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటుందా అన్నది ఇప్పుడు నా మొదటి ప్రశ్న.